నాలుగు కాలాలు నిలిచే బొమ్మలు

(సంక్రాంతి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు ఏ వయసులో ఎటువంటి బొమ్మలు కొనిపెట్టాలి, వాటిలో నాలుగు కాలాలపాటు నిలిచేవి ఏవి అన్న విషయం మీద మాట్లాడవలసిందని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము విద్యావేత్తలము కాము, వైద్యులమూ కాము. ఈ అమెరికా దేశంలో ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇప్పుడు మనుమల ఆటపాటలు చూస్తున్నవాళ్లము. పెంచే రోజుల్లో చాలా పొరపాట్లు చేశాము. వాటిలో కొన్నింటిని దాచుకోకుండా మీ ముందు పెడితే, ఇప్పుడు పసిపిల్లలున్న యువదంపతులకు ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఒప్పుకున్నాము.

ఇందాక పక్క గదిలో మన మహిళా సభ్యులు తీర్చిన బొమ్మల కొలువు మీరందరూ చూసే ఉంటారు. పై మెట్టు మీద కొండపల్లి దశావతారాలు, ఆ కింద అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు. కింది మెట్టు పక్కన ఒక చీటీ అంటించి ఉన్నది: "బొమ్మలను ముట్టుకోరాదు." మూడేళ్ల పాప ఒకతె ఏనుగు మీదికి చెయ్యి చాపింది. తల్లి గబుక్కున ఆ చెయ్యి వెనక్కి లాగింది. పాప తల్లి ముఖంలోకి చూసి, "బొమ్మే కదా, ఎందుకు ముట్టుకోకూడదు?" అని ఇంగ్లీషులో అడిగింది. తల్లి దగ్గర జవాబు లేదు. నిజానికి మా దగ్గర కూడా అప్పటికప్పుడు లేదు. ఈ ప్రసంగమంతా ఆ పాపకు మేము ఇవ్వవలసిన జవాబే అనుకోండి.

చూసే బొమ్మ వేరు, ఆడే బొమ్మ వేరు. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. కాళ్లు, చేతులు, తొండము, గొడుగు వేటికవే విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తరువాత సుద్ద పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. చేతిలోకి తీసుకుంటే బొమ్మకు బరువే తెలియదు. కాని పిల్లవాడు తొండం పట్టుకుని లాగితే తొండం చేతిలోకి వస్తుంది. అది పనివారి లోపం కాదు. కన్నుల పండువగా మెట్ల మీద నిలబడడానికి పుట్టిన బొమ్మ అది.

అదే మన ఏటికొప్పాక బొమ్మను చూడండి. వరాహ నది ఒడ్డున, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ చెక్కుతారు. కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అతుకులు తక్కువ, పదునైన అంచులు ఉండవు, గుండ్రంగా నున్నగా ఉంటుంది. అది పిల్లల చేతిలో పడి దొర్లడానికే పుట్టిన బొమ్మ. ఒకే రాష్ట్రంలో రెండు ఊళ్లవారు రెండు రకాల అవసరాలకు రెండు రకాల కర్రలను ఎంచుకున్నారు. ఆ ఎంపికలో ఉన్న వివేకం బొమ్మలు కొనే మనకు కూడా ఉండాలి.

మా ఇంటి నేలమాళిగలో రెండు పెట్టెలున్నాయి. ఒకటి చాలా పెద్దది. దాని నిండా మా పిల్లల పుట్టినరోజులకు వచ్చినవి, మేము మోజుపడి కొన్నవి, మీట నొక్కితే పాడేవి, దీపాలు వెలిగేవి, కుక్కలా మొరిగేవి, ఎ బి సి డి అప్పజెప్పేవి ఉన్నాయి. వాటిలో ఈ రోజున పనిచేసేది ఒక్కటీ లేదు. పనిచేసే రోజుల్లోనైనా వారం రోజులకు మించి వాటితో ఆడినట్టు మాకు గుర్తులేదు. రెండో పెట్టె చిన్నది. అందులో ఒక లక్కపిడతల సెట్టు, చెక్క దిమ్మలు, ఒక వామనగుంటల పీట, ఒక డబ్బా నిండా లెగో ఇటుకలు ఉన్నాయి. మా పిల్లలు ఆడిన ఆ పెట్టెతోనే ఇప్పుడు మా మనుమలు ఆడుతున్నారు. పిడతల్లో రెండు మూతలు పోయాయి, ఒక దిమ్మకు మూల చితికింది, అంతే.

ఈ రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. పెద్ద పెట్టెలోని బొమ్మలు పనంతా తామే చేసేవి. పిల్లవాడు చేయవలసింది మీట నొక్కి చూస్తూ కూర్చోవడమే. చిన్న పెట్టెలోనివి తమంతట తాము ఏమీ చేయవు. పిల్లవాడు చేయాలి, పిల్లవాడు మాట్లాడాలి, పక్కన మరొకరు కూర్చోవాలి. అందుచేత ఇప్పుడు ఏ బొమ్మ కొనబోయినా మేము మూడు ప్రశ్నలు వేసుకుంటాము. ఈ వయసు బిడ్డకు దీనివల్ల ప్రమాదమేమైనా ఉన్నదా? బొమ్మ చేసే పని ఎక్కువా, బిడ్డ చేసే పని ఎక్కువా? దీనితో ఆడేటప్పుడు మన ఇంట్లో మాట పెరుగుతుందా, తగ్గుతుందా? మూడో ప్రశ్న పరదేశంలో ఉన్న మన తెలుగువారికి మరీ ముఖ్యమని మా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాము.

ఇక వయసులవారీగా చెప్పుకుందాము.

మొదటి సంవత్సరం. ఈ వయసు బిడ్డకు నోరే మూడో చెయ్యి. చేతికి దొరికిందల్లా నోట్లోకే పోతుంది. కాబట్టి గిలక్కాయ, మెత్తని గుడ్డ బంతి, నమిలినా చెడని నున్నని కర్ర కడియము, ఇంతకంటె ఏమీ అక్కరలేదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలలో చిన్న ముక్కలేవీ ఉండరాదని ఈ దేశంలో చట్టమున్నది. దానిని పరీక్షించడానికి వాడే గొట్టం వ్యాసం ఒకటింపావు అంగుళం. ఏ ముక్కైనా నొక్కకుండా ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది పసిబిడ్డకు పనికిరాదన్నమాట. ఇంచుమించు ఆ కొలతకు సరిపోయే గొట్టం మన ఇళ్లలోనే ఉన్నది: టాయిలెట్ కాగితం చుట్టే అట్ట గొట్టం. అది అసలు కొలతకంటె కొంచెం పెద్దదే గనుక మరింత జాగ్రత్త. అందులోంచి జారిపోయే వస్తువు పసిబిడ్డ దగ్గర ఉండరాదు. గోళీ, చింతగింజ, గవ్వ, గుండీ, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. మా అమ్మాయి పది నెలల బిడ్డను తీసుకుని మా ఇంటికి వచ్చింది. మేము మురిసిపోయి, ఎప్పుడో మన దేశంలో తిరునాళ్లలో కొని దాచుకున్న రంగుల కర్ర గుర్రాన్ని తీసి మనుమడి చేతికిచ్చాము. "మీ అమ్మ ఆడుకున్న గుర్రంరా" అని గొప్పగా చెప్పాము. వాడు మధ్యాహ్నమంతా దాని చెవులు చప్పరించాడు. సాయంత్రం మా అమ్మాయి బిడ్డ పెదవి మీద ఎర్రటి రంగు పెళ్ల చూసింది. పాత రంగులలో సీసం కలిసి ఉండవచ్చునని, సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుందని మాకు తెలియనిది కాదు. మన బొమ్మ అనేసరికి ఆ తెలివి పనిచేయలేదు. మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించారు. ఫలితం వచ్చేదాకా మూడు రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మా అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటేనే బాగుండుననిపించింది. దైవానుగ్రహం వల్ల పరీక్షలో ఏమీ తేలలేదు.

ఆ గుర్రం ఇప్పుడు పక్క గదిలో కొలువులో మూడో మెట్టు మీద ఉన్నది. దాని చోటు అదేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

కనుక మన పాత బొమ్మలపై ప్రేమతో వాటిని పసిపిల్లల నోటికి అందనీయకండి. ఈ దేశంలో 2008లో వచ్చిన చట్టం తరువాత పిల్లల బొమ్మల పై పూతలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని నియమం ఏర్పడింది. అంతకు ముందరి బొమ్మలకు, ఏ పరీక్షా లేకుండా సూట్‌కేసులో వచ్చిన బొమ్మలకు ఆ భరోసా లేదు. ఏటికొప్పాకలో కూడా మధ్యకాలంలో రసాయనపు రంగులు చోటు చేసుకున్నాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటివాటి నుంచి తీసే రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన శ్రీ సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. కాబట్టి అక్కడి బొమ్మ కొనేటప్పుడు కూడా ఇవి చెట్ల రంగులేనా, పరీక్ష చేయించినవేనా అని అడిగి కొనడం మంచిది. అడిగితే మంచి పనివారు సంతోషంగా చెబుతారు.

ఏడాది నుంచి మూడేళ్ల దాకా. బిడ్డకు కాళ్లు వచ్చే వయసు. మన ఊళ్లలో వడ్రంగి చేసి ఇచ్చే మూడు చక్రాల నడకబండి కంటె మంచి బొమ్మ ఈ వయసుకు మేమెక్కడా చూడలేదు. బిడ్డ నిలబడి తోసుకుంటూ పోతుంది. పనంతా బిడ్డదే. దానితోపాటు ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు, కడ్డీకి గుచ్చే కర్ర చక్రాలు, ఒక పెద్ద బంతి చాలు. ఖర్చే లేని బొమ్మ కావాలంటే, కొత్త సామాను వచ్చిన అట్టపెట్టెను పారేయకండి. న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టరు నగరంలో బొమ్మల గౌరవశాల ఒకటి ఉన్నది. కాలపరీక్షకు నిలిచిన బొమ్మలను అక్కడ ఏటేటా ఎంపిక చేసి గౌరవిస్తారు. 2005లో ఆ గౌరవం అట్టపెట్టెకు దక్కింది. 2008లో కర్రపుల్లకు దక్కింది. మన ఊరి పిల్లలు పుల్లతో గీత గీసి, తొక్కుడుబిళ్ల ఆడుకున్న సంగతి తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండకూడదు.

బిడ్డకు మాట వచ్చే వయసు కూడా ఇదే. ఇప్పుడు మా మూడో ప్రశ్న దగ్గరకు వస్తాము. నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యులు అన్నా సోసా 26 కుటుంబాల మీద ఒక పరిశీలన చేసి, దాని ఫలితాలను 2015 డిసెంబరులో ప్రకటించారు. పది నుంచి పదహారు నెలల బిడ్డలకు, వారి తల్లికో తండ్రికో, మూడు రకాల వస్తువులిచ్చారు: మాట్లాడే ఎలక్ట్రానిక్ బొమ్మలు, మామూలు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు. వారి మాటలను ఇంట్లోనే రికార్డు చేశారు. మాట్లాడే బొమ్మ ఉన్నప్పుడు తల్లిదండ్రుల మాట తగ్గిపోయింది. బొమ్మ మాట్లాడుతున్నది కదా అని పెద్దవాళ్లు ఊరుకున్నారు. వారు ఊరుకుంటే బిడ్డ బదులు పలకడమూ తగ్గింది. పుస్తకాలు ఉన్నప్పుడు మాట అన్నిటికంటె ఎక్కువగా సాగింది. ఈ దేశపు శిశువైద్యుల అకాడమీవారు కూడా 2018 డిసెంబరులో వెలువరించిన నివేదికలో, పెద్దలను బిడ్డతో కలిపి ఆడించే సాదా బొమ్మలే మేలైనవని చెప్పారు.

ఇది ఇంగ్లీషు ఇళ్లకు ఎంత ముఖ్యమో మన ఇళ్లకు అంతకు పదింతలు ముఖ్యం. ఇంగ్లీషు బిడ్డకు అమ్మ మాట్లాడకపోయినా వీధి మాట్లాడుతుంది, బడి మాట్లాడుతుంది, టెలివిజను మాట్లాడుతుంది. మన బిడ్డకు తెలుగు మాట్లాడేది ఇంట్లో ఇద్దరే. ఆ ఇద్దరి వంతు మాటను కూడా బొమ్మ లాక్కుంటే, ఆ బిడ్డకు తెలుగు ఎక్కడనుంచి వస్తుంది? మా పెద్దవాడి విషయంలో జరిగింది ఇదే. మేమిద్దరమూ ఉద్యోగాలలో తలమునకలై ఉండి, వాడు బొమ్మతో బుద్ధిగా ఆడుకుంటున్నాడని సంతోషించాము. ఇంగ్లీషు పాటలన్నీ వచ్చేశాయని అందరికీ చెప్పుకున్నాము. ఈ రోజున వాడికి మన మాట అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. వాళ్ల నానమ్మ బతికున్నన్నాళ్లు ఫోనులో ఆవిడ మాట్లాడేది, వాడు "ఊ", "ఆ" అనేవాడు. నేరమంతా బొమ్మల మీద వేయడం న్యాయం కాదు. వాడి పక్కన కూర్చోవలసినవాళ్లము మేమే.

మూడు నుంచి ఆరేళ్ల దాకా. ఇది గుజ్జనగూళ్ల వయసు. లక్కపిడతలకు సరైన కాలం. మా చిన్న పెట్టెలోని సెట్టులో పొయ్యి, కుండ, బిందె, చెంబు, రోలు, రోకలి, తిరగలి, కవ్వం ఉన్నాయి. వీటిలో తిరగలిని ఇక్కడి పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు. మన వంటింట్లోనూ లేదు. బొమ్మ రూపంలోనైనా చేతిలో తిరిగితేనే ఆ మాట ఇంట్లో బతుకుతుంది. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు కొన్న ఈ సెట్టును మా మనుమరాలి ముందు పెట్టి, రోజూ సాయంత్రం దాని ఇంటికి మేము భోజనానికి వెళ్లేవాళ్లము. అది వడ్డించేది. మేము చాలంటే, "ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి" అనాలని అమ్మమ్మ నేర్పింది. ఉత్త పిడతల్లో ఉత్త పప్పు, ఉత్త నెయ్యి. ఈ ఆట ఒక ఏడాది సాగింది. మొన్న దీపావళికి నిజంగానే అతిథులు భోజనానికి వచ్చారు. ఒకాయన అన్నం చాలని చెయ్యి అడ్డం పెట్టారు. మా మనుమరాలు కుర్చీ ఎక్కి నిలబడి, "మొహమాటపడకండి అంకుల్" అన్నది. ఎవరూ నేర్పి అనిపించింది కాదు. ఆయన ఇంకో ముద్ద పెట్టించుకున్నారు. మా ఇంట్లో ఏ తెలుగు తరగతీ సాధించలేని పనిని ఆ మూతలు పోయిన పిడతలు సాధించాయి.

ఈ వయసుకే చెక్క దిమ్మలు కూడా. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి తెరచిన ఫ్రోబెల్ మహాశయుడు బంతి, ఘనం, స్తూపం వంటి రూపాలనే బిడ్డలకు మొదటి కానుకలుగా ఇచ్చాడు. న్యూయార్కులో 1914లో బడి స్థాపించిన కెరొలైన్ ప్రాట్ దిమ్మలకు ఒక కొలత ఏర్పరచింది. ఆవిడ దిమ్మ పొడవు అయిదున్నర అంగుళాలు, వెడల్పు అందులో సగం, మందం ఆ సగంలో సగం. మిగిలిన దిమ్మలన్నీ దీనికి అర, రెట్టింపు, నాలుగింతలు. ఇప్పటికీ అమెరికా బడులలో కనిపించే దిమ్మలు ఇవే. వీటితో గోడ కడుతూ "దీనికి అర దిమ్మ కావాలి, అక్కడ జోడు దిమ్మ పెట్టు" అని మన భాషలో అంటూ ఉంటే లెక్కలూ వస్తాయి, తెలుగూ వస్తుంది. మరియా మాంటిసోరీ 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె బడిలోని గులాబీరంగు గోపురంలో పది ఘనాలు. చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది సెంటీమీటర్లు. ఎన్ని దేశాలు తిరిగినా ఆ కొలత మారలేదు. మంచి బొమ్మకు కొత్త నమూనా అక్కరలేదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి? ఒక్క మాట: ఆ చిన్న ఘనం మూడేళ్లలోపు తమ్ముడికి అందకూడదు.

ఆరు నుంచి పదేళ్ల దాకా. చేతులకు నేర్పు, మనసుకు నియమం వచ్చే వయసు. లెగో ఇటుకను డెన్మార్కువారు 1958లో ఇప్పటి రూపానికి తెచ్చారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ అతుకుతుంది. ఎనిమిది బుడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే, వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధాలుగా కూర్చవచ్చునని లెక్క కట్టారు. ప్లాస్టిక్కుతో చేసినదైనా నిలిచే బొమ్మే. కర్రవన్నీ మంచివని, ప్లాస్టిక్కువన్నీ చెడ్డవని మేము చెప్పబోవడం లేదు. అయితే ఒకే విమానం చేయడానికి పనికివచ్చే ప్రత్యేకపు ముక్కల పెట్టెకంటె, సాదా ఇటుకల డబ్బా ఎక్కువ కాలం ఆడిస్తుంది.

ఈ వయసుకు మనవాళ్లిచ్చినవి ఎన్నో ఉన్నాయి. బొంగరానికి తాడు చుట్టి విసరడం వారం రోజుల సాధన. వైకుంఠపాళి 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండు చేరి, 1943లో ఈ దేశంలో పాములు పోగొట్టుకుని జారుడుబల్లల ఆటగా అంగళ్లకెక్కింది. మన పచ్చీసు కూడా ఇక్కడ పార్చీసీ అన్న పేరుతో దొరుకుతుంది. అంగడిలో ఆ పెట్టెలు కనిపించినప్పుడు, ఇది మన ముత్తవ్వలు ఆడినదేనని పిల్లలకు చెప్పండి. ఆడుతూ చెప్పండి.

వీటన్నిటిలో మాకు ఇష్టమైనది వామనగుంటలు. ఓమనగుంటలని కూడా అంటారు. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. మేము గుంటకు అయిదేసి చింతగింజలు వేస్తాము. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ తేలుతామో ముందే ఊహించాలి. మా పెద్ద మనుమడు ఎనిమిదేళ్లవాడు. మొదట ఇంగ్లీషులో లెక్కపెట్టేవాడు. తాతయ్య తెలుగులోనే గట్టిగా లెక్కపెడుతూ పంచుతుంటే, వాడికీ అలవాటైపోయింది. ఒకటి, రెండు, మూడు అంటూ పంచి, చివర ఖాళీ గుంటను తుడిచి పక్క గుంటలోవి తీసుకునేటప్పుడు వాడు పెట్టే కేక వీధి చివరికి వినిపిస్తుంది. ఇప్పుడు వాడికి నలభై దాకా తప్పులేకుండా వస్తుంది. పిల్లవాడి చేతిలో తాత ఓడిపోతే వాడికి కలిగే సంతోషం ఏ బొమ్మ అంగడిలోనూ దొరకదు. ఈ మధ్య కావాలని ఓడిపోవలసిన అవసరం కూడా లేకపోయింది.

పదేళ్లు దాటిన తరువాత. ఇప్పుడు వాళ్లు బొమ్మ అన్న మాటే ఒప్పుకోరు. చదరంగం, క్యారం బోర్డు, పులిమేక, 1974లో హంగరీ దేశపు ఎర్నో రూబిక్ చేసిన రంగుల ఘనం వంటివి ఈ వయసుకు సరిపోతాయి. అంతకంటె మంచిది పనిముట్టు చేతికివ్వడం. సుత్తి, రంపం, సూదిదారం, గాలిపటానికి వెదురుపుల్ల. సంక్రాంతికి గాలిపటం కొనివ్వడంకంటె కూర్చుని కట్టించడం మేలు. పదకొండేళ్ల పిల్లచేత చింతగింజలు అరగదీయించి పచ్చీసుకు పందెపు గింజలు చేయించాము. తాను చేసిన వస్తువును ఏ పిల్లా పారవేయదు.

ఏ వయసుకైనా రెండు హెచ్చరికలు. గుండీలాంటి చిన్న బ్యాటరీని మింగితే అది రెండు గంటలలోనే ఆహారనాళాన్ని కాల్చివేయగలదు. అది ఉన్న బొమ్మకు మూత స్క్రూతో బిగించి ఉండాలి. చిన్న బలమైన అయస్కాంతపు గోళీలు ఒకటికంటె ఎక్కువ మింగితే పేగులను మధ్యలో పట్టి చిల్లు చేస్తాయి. పసివాళ్లున్న ఇంట్లో అవి వద్దు. అనుమానం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఎన్ని కొనాలి అన్న ప్రశ్న. మన ఇళ్లలో పుట్టినరోజంటే ముప్ఫై మంది అతిథులు, ముప్ఫై పెట్టెలు. పిల్లవాడు ఒకటి విప్పి, చూసి, పక్కన పడేసి ఇంకొకటి అందుకుంటాడు. మేము చేస్తున్న పని చెబుతాము. బయట పది బొమ్మలకు మించి ఉంచము. మిగిలినవి అటక మీద ఉంటాయి. నెలకొకసారి మార్చితే పాతవే కొత్తవిగా కనిపిస్తాయి. విరిగితే పారవేయకుండా పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అతికిస్తాము. ఎవరైనా ఏమి తెమ్మంటారని అడిగితే మొహమాటపడకుండా, "నలుగురూ కలిసి ఒక దిమ్మల పెట్టె తీసుకురండి" అని చెబుతాము. ఈ సలహా మొదట మా బంధువులకు నచ్చలేదు. ఇప్పుడు వాళ్లూ అదే పాటిస్తున్నారు.

చివరగా సంఘంవారికి ఒక మనవి. వచ్చే సంక్రాంతికి కొలువు తీర్చినప్పుడు, ఆ అయిదు మెట్లకు కింద, నేల మీద, ఆరో మెట్టు ఒకటి వేయండి. దాని మీద లక్కపిడతలు, దిమ్మలు, నడకబండి, పరీక్షించిన ఏటికొప్పాక బొమ్మలు పెట్టండి. చింతగింజలున్న వామనగుంటల పీటను మాత్రం పక్కన ఒక బల్ల మీద, పెద్దపిల్లలకు ఉంచండి. పక్కన రెండు చాపలు పరచి, ఒక అమ్మమ్మనో తాతయ్యనో వంతులవారీగా కూర్చోబెట్టండి. మొదటి వంతు మేము తీసుకుంటాము. అక్కడ ఒక చీటీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి: "ఈ బొమ్మలను ముట్టుకోవచ్చు."

ఇందాకటి పాపకు మా జవాబు అదే. తల్లీ, పై మెట్ల బొమ్మలు చూడడానికి, కింది మెట్టు బొమ్మలు నీకు. వచ్చే ఏడు రా, కలిసి ఆడుకుందాము.